పక్కింటి అక్క

అధ్యక్షులవారు ఏ వేదిక ఎక్కినా, ఏ విందులో లేచి నిలబడి మాట్లాడినా, ఆయన ఎక్కడ ఊపిరి తీసుకోవాలో నిర్ణయించేది మాత్రం గీతలాయనే. హోదాకి ఉపన్యాస రచయిత. కానీ గేటు దగ్గర కాపలావాడి నుంచి కార్యదర్శి దాకా ఆ భవనంలో అందరూ ఆయన్ని గీతలాయన అనే పిలిచేవారు. ఉపన్యాసం పెద్దపెద్ద అక్షరాలతో అట్టముక్కల మీద అచ్చయి రాగానే, ఎర్ర పెన్సిలు చెక్కుకుని, గది తలుపు వేసుకుని, ఒక్కో వాక్యాన్నీ పైకి చదువుకుంటూ గీతలు పెట్టేవాడు. ఒక గీత ఉంటే చిన్న ఊపిరి. రెండు గీతలుంటే ఆగి జనం వైపు చూడాలి. మూడు గీతలుంటే అక్కడ చప్పట్లు వస్తాయి, అవి సద్దుమణిగేదాకా నోరు విప్పకూడదు.

అధ్యక్షులవారు మంచి మనిషి. గీతని గీతగా గౌరవించేవారు. మూడు గీతల దగ్గర చప్పట్లు రాకపోయినా సరే ఆగి, వచ్చేదాకా జనాన్ని చూస్తూ నిలబడేవారు. జనం మొహమాటపడి కొట్టేవారు.

బడ్జెట్లూ, విదేశీ ఒప్పందాలూ రాసే పెద్ద రచయితలు పై అంతస్తులో వేరే ఉన్నారు. గీతలాయన వాటాకి వచ్చేవి వంతెనకి రిబ్బను కత్తిరించడం, వర్తక సంఘం మధ్యాహ్న విందు, బడి పిల్లల బహుమతుల సభ, అగ్నిమాపక దళం వార్షికోత్సవం. వాటిని ఎవరైనా చిన్న ఉపన్యాసాలంటే ఆయనకి ఒళ్లు మండేది. “బడ్జెట్ ప్రసంగం ఎవడు వింటాడయ్యా? ఆకలితో ఉన్నవాడి ముందు వేడివేడి సూపు పెట్టి, వాడిచేత చెంచా కింద పెట్టించాలి. దమ్ముంటే అది రాయమను వాళ్లని” అనేవాడు.

ఇంతమందిచేత చప్పట్లు కొట్టించిన మొనగాడికి ఇంట్లో ఒక్క జత చేతులు మాత్రం లొంగలేదు.

ఆయన భార్య పిల్లల ఆసుపత్రిలో హెడ్ నర్సు. పెళ్లైన కొత్తల్లో ఒక గ్రంథాలయం ప్రారంభోత్సవానికి ఆవిణ్ని వెంటబెట్టుకెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టాడు. మూడు గీతల దగ్గర హాలు హాలంతా మోగిపోయింది. ఆవిడ మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ సాయంత్రం గీతలాయన మూతి ముడుచుకుని కాఫీ కూడా ముట్టలేదు.

“నీకు నచ్చలేదా?”

“నచ్చింది.”

“మరి చేతులకేం రోగం?”

అప్పుడు చెప్పింది ఆవిడ. వాళ్లింట్లో ఇద్దరాడపిల్లలు. అందరూ అక్కని పెద్దది అనేవారు, ఈవిడ చిన్నది. పెద్దదానికి పెద్దయ్యాక దేశాధ్యక్షురాలు కావాలని ఉండేది. అందాకా ఎందుకు ఆగడమని, పెరట్లో బట్టలుతికే తొట్టి బోర్లించి, దానిమీదకెక్కి, గరిటె మైకులా పట్టుకుని, ఇంట్లో ఉన్న ప్రతి వస్తువునీ ప్రారంభించేది. కొత్త దండెం కడితే, “ఈ దండేన్ని ప్రజలకు అంకితం చేస్తున్నాను. ఇకమీదట గొప్పవాళ్ల దుప్పటి, పేదవాళ్ల తువ్వాలు అన్న తేడా లేకుండా దీనిమీద అన్నీ సమానంగా ఆరతాయి” అనేది. పిల్లి ఈనితే పిల్లల్ని ఒక్కొక్కదాన్నే పైకెత్తి ప్రారంభించేది. జనమంటే చిన్నదొక్కతే. బట్టలకి సబ్బు రుద్దుతూ ఉండేదల్లా, ఆ చేతులతోనే చప్పట్లు కొట్టేది. నురగ ఎగిరి ఇద్దరి మొహాల మీదా పడేది.

తర్వాత పెద్దదానికి జ్వరమొచ్చింది. డాక్టరు మందిచ్చి వెళ్లాక, దిండుకి ఆనుకుని కూర్చుని, చెంచా పైకెత్తి, “ఈ మందుసీసాని ప్రారంభిస్తున్నాను. ఏరీ, చప్పట్లేవీ?” అంది. చిన్నది కొట్టింది. సీసా సగంలో ఉండగానే పెద్దది పోయింది.

“అప్పట్నుంచి ఎవరికీ కొట్టలేదండీ. చేతులు రావు. ఇది నేనెవరికీ చెప్పలేదు. మీ దగ్గరే ఉండనివ్వండి” అంది ఆవిడ.

గీతలాయన కళ్లు తుడుచుకున్నాడు. ఆ పూటకి నిజంగానే జాలిపడ్డాడు. కానీ ఆ తర్వాత ఏళ్ల తరబడి, ఏ సభలో చప్పట్లు మోగినా, ఆయన మనసు వెళ్లి బోర్లించిన తొట్టి దగ్గర ఆగేది. నిండా పదహారేళ్లు లేని పిల్ల, రాతా లేదు, గీతా లేదు, దండెం గురించి రెండు ముక్కలు వాగి నా పెళ్లాం చప్పట్లన్నీ మూటగట్టుకుపోయింది అనుకునేవాడు. పోయిన పిల్ల మీద కుళ్లేమిటని తనని తానే తిట్టుకునేవాడు. ఎంత తిట్టుకున్నా అది తగ్గలేదు.

ఇక రాత విషయానికొస్తే, గీతలాయనకి ఒక పద్ధతుంది. విందు ఉపన్యాసం పిట్టకథతో మొదలవ్వాలి. అది సొంత అనుభవంలా ఉండాలి. వచ్చిన చిక్కల్లా అధ్యక్షులవారికి చెప్పుకోదగ్గ అనుభవాలేవీ లేవు. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ లేని ఒక్కగానొక్క బిడ్డ, జబ్బు పడకుండా పెరిగి, పరీక్షలన్నీ పాసై, అధ్యక్షుడైపోయారు. అందుకని గీతలాయన తన ఇంటి కథలన్నీ ఆయనకి ఇస్తూ వచ్చాడు. కన్నవాళ్ల కథలంటే పత్రికలవాళ్లు ఆరా తీస్తారు కాబట్టి, ప్రతి కథనీ పక్కింటికి మార్చేవాడు. గీతలాయన తండ్రి బస్సులో ఈలేసే తీరు పక్కింటి పెద్దాయనకి పోయింది. మేనమామ బట్టతల పక్కింటి మామకి పోయింది. తల్లికి వచ్చిన గొడుగులు బాగుచేసే విద్య పక్కింటి పిన్నిగారికి పోయింది. పైగా గుర్తుపట్టకుండా కథలో ఒక వస్తువు మార్చడం ఆయన నియమం. గొడుగు లాంతరయ్యేది, ఈల గంటయ్యేది.

“మీ అధ్యక్షుడి పక్కిల్లు ఇల్లా, సత్రమా? అంతమంది ఎలా పట్టారండీ అందులో?” అని భార్య నవ్వేది.

తమ్ముడికి మాత్రం నవ్వు రాలేదు. ఎవరింట్లోనో భోజనాల దగ్గర తండ్రి ఈల సంగతి చెప్పబోతే, “అబ్బే, అది అధ్యక్షులవారి గంట కథ కదండీ, గంటని ఈల చేసి మీరెందుకు కొట్టేశారు?” అన్నారట. తమ్ముడొచ్చి అన్నని కడిగేసి వెళ్లాడు. గీతలాయనకి లోలోపల గర్వంగానే అనిపించింది.

ఇలా సాగిపోతున్న సంసారంలోకి రేడియో అమ్మాయి వచ్చింది.

గీతలాయనతో పాటు ఉపన్యాసాలు రాయడానికి కొత్తగా చేరింది. అంతకుముందు రేడియోలో పిల్లల కార్యక్రమం చేసేదట. ముప్ఫై దాటిందో లేదో. చిన్నచిన్న వాక్యాలు రాసేది. గీతలు పెట్టేది కాదు. ఎందుకు పెట్టవమ్మా అని గీతలాయన అడిగితే, “వాక్యం సరిగ్గా ఉంటే ఊపిరెక్కడ తీసుకోవాలో నోటికే తెలుస్తుంది కదా బాబాయ్‌గారూ” అంది, అమాయకంగా. ఆ మాటకి అరికాలి మంట నెత్తికెక్కింది. పైగా బాబాయ్‌గారట. అంతకంటే చెంప మీద కొట్టినా బాగుండేది.

వర్తక సంఘం విందుకి ఆ అమ్మాయి రాసిన మొదటి ఉపన్యాసం చదువుతూ, అధ్యక్షులవారు తన కథకి తనే నవ్వేశారు. నవ్వి, పక్కకి తిరిగి, చేతిలో ఫోర్కు జారవిడుచుకున్నారు. గీతలాయన ఆ ఫోర్కు కిందపడిన చప్పుడు ఇంటిదాకా మోసుకొచ్చాడు. ఇన్నేళ్లలో తన వాక్యానికి అధ్యక్షులవారు చప్పట్ల కోసం ఆగారే గానీ, ఒక్కసారైనా తమంతట తాము నవ్వారా? చెంచా సంగతి దేవుడెరుగు, చేతిరుమాలైనా జారవిడిచారా?

ఆ అమ్మాయి చెడ్డదైతే ఎంతో హాయిగా ఉండేది. పొద్దున్నే వచ్చి తనకి టీ తెచ్చుకుంటూ ఆయనకీ ఒక కప్పు తెచ్చేది. పాత ఉపన్యాసాలు అడిగి తీసుకెళ్లి చదివేది. “ఆ గొడుగు కథ... లాంతరు కథ అనుకోండి, ఏడిపించేశారు బాబాయ్‌గారూ” అనేది. ఆ కథలో ఉన్నది నిజానికి గొడుగేనని ఎలా పసిగట్టిందో! ఆయన టీ తాగేవాడు. అది చేదుగా ఉండేది. చక్కెర సరిపోయే వేసేది పాపం.

అధ్యక్షులవారి పదవీకాలం ముగింపుకొచ్చింది. ఒకరోజు కార్యదర్శి ఇద్దర్నీ పిలిపించాడు.

“పిల్లల ఆసుపత్రి కొత్త భవనం శుక్రవారం ప్రారంభం. తర్వాత పౌర సంఘంవాళ్లు విందిస్తున్నారు. మీరిద్దరూ చెరొకటి రాయండి. సార్ ఒకటి ఎంచుకుంటారు. ఎవరిది చదివితే వాళ్లే వీడ్కోలు ప్రసంగం కూడా రాస్తారు” అన్నాడు.

“రెండోవాళ్లు?” అని అడిగాడు గీతలాయన.

“సందేశాల విభాగంలో మనిషి తక్కువయ్యాడు” అని కిటికీలోంచి బయటికి చూశాడు కార్యదర్శి.

సందేశాల విభాగమంటే నేలమాళిగలో గది. నిండు నూరేళ్లు బతికిన ముసలివాళ్లకి అధ్యక్షులవారి తరఫున శుభాకాంక్షలు పంపడమే అక్కడ పని. అక్కడ గీతలు పెట్టుకోవడానికి వాక్యాలే ఉండవు. ఆ గది తన కోసమే తుడిచి పెట్టారని గీతలాయనకి ఆ క్షణమే అర్థమైంది.

మర్నాడు పొద్దున ఫలహారం దగ్గర భార్య ఏదో చెబుతోంది.

“శుక్రవారం మా నర్సుల్ని కూడా పిలిచారండీ. నేను రానన్నాను. డాక్టరమ్మ వినలేదు, హెడ్ నర్సు లేకపోతే ఎలా అంది.”

“ఊ.”

“వింటున్నారా?”

“వింటున్నాలే. వార్డు, డాక్టరమ్మ.”

ఆయనకి వినపడుతున్నది ఫోర్కు చప్పుడు. ఆవిడ ఒక్క నిమిషం ఆయన మొహంలోకి చూసి, తెల్ల యూనిఫాం ఇస్త్రీ చేసుకోవడానికి లేచి వెళ్లింది.

ఆఫీసుకెళ్లేసరికి రేడియో అమ్మాయి తన రాతప్రతి చేతిలో పట్టుకుని ఎదురుచూస్తోంది. “ఒకసారి చూడరూ బాబాయ్‌గారూ, మీరు బాగుందంటేనే నాకు ధైర్యం” అంది. పోటీలో ఉన్నవాడికి తన రాత చూపించేంత వెర్రిబాగులదా, లేక అంత పొగరా అన్నది ఆయనకి తేలలేదు. తీసుకుని చదివాడు. టీకా వేయించుకోడానికి వచ్చిన ఒక పిల్ల, ఏడుస్తున్న నర్సుని ఓదార్చిన కథ. మూడో వాక్యానికి ఆయనకే నవ్వొచ్చింది. చివరికొచ్చాక మళ్లీ మొదటికి తిప్పాడు. చదువుతుంటే ఊపిరెక్కడ తీసుకోవాలో నోటికే తెలుస్తోంది. అదీ బాధ.

“బాగానే ఉందమ్మా” అన్నాడు. “కాస్త పల్చగా ఉంది.”

ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. ఆయనకి ఒక్క క్షణం చల్లగా అనిపించింది. తర్వాత మళ్లీ మంట.

గదిలోకెళ్లి తలుపు వేసుకున్నాడు. తన దగ్గర ఏం మిగిలిందని వెతుక్కున్నాడు. తండ్రి అయిపోయాడు, తల్లి అయిపోయింది, మేనమామ ఎప్పుడో అయిపోయాడు. చిన్నప్పుడు తనని కుక్క కరిచిన సంగతి కూడా పశువుల ఆసుపత్రి సభలో వాడేశాడు. ఇక మిగిలింది ఒక్కటే. అది తనది కాదు.

కాసేపు పెన్సిలు చెక్కాడు. శుక్రవారం ఆవిడకి పాత వార్డులో డ్యూటీ ఉంటుంది అనుకున్నాడు. సభలంటే ఎటూ రాదు, రేడియో పెట్టదు, పేపర్లో ఉపన్యాసాల పేజీ తిప్పేస్తుంది, ఎవరు చెబుతారు అనుకున్నాడు. పెద్దది ఎలాగూ లేదు, ఎవరికేం నష్టం అని కూడా అనుకున్నాడు. అనుకుని రాయడం మొదలుపెట్టాడు. కలం ఆగలేదు. ఇన్నేళ్లు ఆ పిల్ల మీద కుళ్లుకున్నవాడు కాబట్టి, ఆ పిల్ల నిలబడే తీరు, గరిటె పట్టుకునే తీరు, కళ్లారా చూసినంత బాగా తెలుసు. ఆ తొందరలో, ఆ మంటలో, తన నియమం మర్చిపోయాడు. అక్కని పక్కింటికి మార్చాడే గానీ, ఒక్క వస్తువు కూడా మార్చలేదు. తొట్టి తొట్టిగానే ఉంది, దండెం దండెంగానే ఉంది, మందుసీసా మందుసీసాగానే ఉండిపోయింది.

అధ్యక్షులవారు రెండూ చదివి, గీతలాయనది ఎంచుకుని, కళ్లజోడు తుడుచుకున్నారట. కార్యదర్శి వచ్చి చెప్పాడు. ఆ రోజంతా గీతలాయన కాళ్లు నేలమీద ఆనలేదు.

శుక్రవారం మధ్యాహ్నం. కొత్త భవనంలో రంగు వాసన ఇంకా పోని పెద్ద హాలు. గుండ్రటి బల్లలు, తెల్లటి గుడ్డలు, సూపు గిన్నెలు. గీతలాయన ఎప్పటిలాగే గోడవారగా నిలబడ్డాడు. రేడియో అమ్మాయి కూడా వచ్చి పక్కన నిలబడింది. అధ్యక్షులవారు లేచి, అట్టముక్కలు సర్దుకుని, మొదలుపెట్టారు.

“మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. ప్రారంభోత్సవమంటే ఏమిటో నాకు నేర్పింది ఆవిడే.”

దండెం అంకితమిచ్చే దగ్గర హాలంతా ఘొల్లున నవ్వింది. చెంచాలు కిందికి దిగాయి. గీతలాయన ఆ నవ్వే మొహాలన్నీ ఒక్కొక్కటే తనివితీరా చూసుకుంటూ పోయాడు. వంటగది తలుపు దగ్గర, చివరి బల్ల చుట్టూ తెల్ల యూనిఫాంలు. వాటి మధ్య నవ్వని మొహం ఒకటి.

‘మా నర్సుల్ని కూడా పిలిచారండీ’ అన్న మాట గీతలాయనకి అప్పుడు చెవికెక్కింది.

అట్టముక్కలు అధ్యక్షులవారి చేతిలో ఉన్నాయి. ఆపేవాడు లేడు. “తర్వాత అక్కకి జ్వరం వచ్చింది” అని చదివి, అధ్యక్షులవారు ఆగి జనం వైపు చూశారు. రెండు గీతలు. ఎవరు పెట్టమన్నారని? ఎర్ర పెన్సిలు రెండుసార్లు నొక్కి మరీ పెట్టాడు. ఆ ఆగినంతసేపూ ఆవిడ బల్ల అంచు పట్టుకుని కూర్చుంది. ఆ వాక్యం తర్వాత ఏ వాక్యం వస్తుందో ఆ హాల్లో ముగ్గురికే తెలుసు.

“దిండుకి ఆనుకుని కూర్చుని, చెంచా పైకెత్తి, ఈ మందుసీసాని ప్రారంభిస్తున్నాను, ఏరీ, చప్పట్లేవీ అంది. కొట్టాను. సీసా సగంలో ఉండగానే వెళ్లిపోయింది.” మళ్లీ రెండు గీతలు. “ఇవాళ ఈ రిబ్బను నేను కత్తిరించలేదు. ఆ అక్క రాలేకపోయింది కనక, ఆవిడ బదులు కత్తెర పట్టుకున్నాను. ఈ భవనంలోకి వచ్చే ప్రతి పిల్లా తన సీసా ఆఖరి చుక్కదాకా తాగి, లేచి, నడుచుకుంటూ ఇంటికెళ్లాలి.”

మూడు గీతలు.

చప్పట్లు రాలేదు. హాలు కిక్కురుమనలేదు. అధ్యక్షులవారు అలవాటుగా ఆగి చూస్తున్నారు. అప్పుడు చివరి బల్ల దగ్గర కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆవిడ లేచి నిలబడింది. చేతులు పైకెత్తి, చిన్నపిల్లలు కొట్టినట్టు వేళ్లన్నీ విడదీసి, చప్పట్లు కొట్టింది. ఆ తర్వాతే హాలంతా లేచింది.

గీతలాయనకి ఎదురుగా ఏం జరుగుతోందో కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక, చెప్పడానికి సిగ్గుగా ఉంటుంది గానీ, ముందు కలిగింది సంతోషమే. కొట్టింది! నా వాక్యానికి కొట్టింది! అందరూ ఆపేశాక కూడా ఆవిడ కొడుతూనే ఉంది. మొహం తడిసిపోయి ఉంది. ఆవిడ చూపు తన వైపు లేదు. అధ్యక్షులవారి మీదా లేదు. ఇద్దరికీ మధ్య, కాస్త ఎత్తులో, ఎక్కడో ఉంది.

“నా వల్ల కాదు బాబాయ్‌గారూ ఇలాంటిది” అంది రేడియో అమ్మాయి ముక్కు తుడుచుకుంటూ. “ఎవరావిడ? నిజం చెప్పండి.”

“పక్కింటి అమ్మాయి” అన్నాడు గీతలాయన.

విందయ్యాక అధ్యక్షులవారు బల్లబల్లకీ వెళ్లి అందర్నీ పలకరించడం ఆనవాయితీ. అట్టముక్కల పెట్టె పట్టుకుని గీతలాయన వెనకాల నడవాలి. నర్సులు వరసగా నిలబడ్డారు. అధ్యక్షులవారు ఆవిడ ముందు ఆగారు.

“చప్పట్లు మొదలెట్టింది మీరే కదూ?”

“అవును సార్.”

“మీలాంటివాళ్లు విన్నారంటే ఆ అక్క ధన్యురాలమ్మా” అన్నారు అధ్యక్షులవారు. ఆయన కళ్లలో నిజంగానే తడి ఉంది. చదివిన కథని ఆయన అప్పటికే నమ్మేశారు.

“ఆవిడ పేరేమిటి సార్?” అని అడిగింది ఆవిడ.

“ఎవరి పేరు?”

“ఆ అక్కది.”

అధ్యక్షులవారు అలవాటుగా చేతిలోకి చూసుకున్నారు. చేతిలో అట్టముక్క లేదు. వెనక్కి తిరిగి గీతలాయన వైపు చూశారు. ఆవిడ కూడా చూసింది. ఆ హాల్లో ఆ ఒక్కసారే చూసింది.

గీతలాయన నోరు తెరిచాడు. పెద్దది. అంతే. ఇంట్లో అందరూ పెద్దది అనేవారు. ఆ తర్వాత ఏముందో ఆయన ఎప్పుడూ అడగలేదు.

“నేనొక పేరు చెప్పనా సార్? మా పక్కింట్లో కూడా ఒక అక్క ఉండేది. అచ్చం ఇలాగే. దాని పేరు పెట్టుకోండి” అంది ఆవిడ. ముందుకి వంగి, అధ్యక్షులవారి చెవిలో చెప్పింది. ఆయన పెదవులు కదిపి ఒకసారి లోపలే అనుకుని, “ఎంత మంచి పేరు!” అన్నారు. పెట్టె పట్టుకుని వెనక నిలబడినవాడికి ఒక్క అక్షరం వినపడలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆవిడ మామూలుగానే వంట చేసింది, మామూలుగానే వడ్డించింది, మాట మాత్రం లేదు. గీతలాయన కంచం ముందు కూర్చుని అధ్యక్షుడి గురించే ఆలోచించాడు. నాకు తెలియని పేరు ఆయనకి తెలుసు. నా భార్య ఆయన చెవిలో చెప్పింది. రేడియో అమ్మాయి మీద ఇన్నాళ్లు పడ్డ కుళ్లు దీని ముందు పిల్లలాట.

మర్నాడు పొద్దున అధ్యక్షులవారే పిలిపించారు.

“వీడ్కోలు ప్రసంగం నువ్వే రాస్తున్నావు. అందులో ఆ అక్కని మళ్లీ పెట్టు, ఈసారి పేరుతో సహా పెట్టు. ఆ నర్సు మీ ఆవిడటగా? చెప్పనే లేదేమయ్యా?”

“ఏం పేరు సార్?” అన్నాడు గీతలాయన.

“అదే... ఏదో చెప్పిందయ్యా. భలే పేరు. ఇదిగో, నాలిక చివర ఉంది” అని అధ్యక్షులవారు కాసేపు పైకప్పు వైపు చూసి, “తర్వాత ఎంతమందితో మాట్లాడానో! పోనీలే, మీ ఇంట్లోనే ఉందిగా. అడిగి రాసెయ్” అన్నారు.

గీతలాయన సెలవు పెట్టి ఇంటికొచ్చేశాడు. ఆవిడకి ఆ రోజు డ్యూటీ లేదు. వెనక వరండాలో ఉతికిన దుప్పట్లు ఆరేస్తోంది. గుమ్మంలో నిలబడ్డాడు.

“నిన్న... నువ్వు చప్పట్లు కొట్టావు.”

“కొట్టాను.”

“నాకు కాదు కదా.”

ఆవిడ వెనక్కి తిరిగింది. “ఇంకా అదేనా మీ బాధ? దానికి ఎప్పుడూ నేనొక్కదాన్నే జనం. నిన్న హాలు నిండా ఉన్నారు. అధ్యక్షుడు దాని మాటలు చదివాడు. కొట్టకుండా ఎలా ఉంటాను? అలాగని మీరు చేసింది మంచి పనైపోదు. మీవాళ్లందర్నీ వడ్డించేశారు, ఊరుకున్నాను. నా దగ్గరున్నది అదొక్కతే. దాన్నీ ఉంచలేదు.”

“తప్పే” అన్నాడు.

“అంటే సరిపోతుందా?”

సరిపోదని ఆయనకీ తెలుసు. అయినా అడిగాడు. “దాని పేరేమిటి?”

“అధ్యక్షుడికి చెప్పాగా.”

“మర్చిపోయాడు.”

ఆవిడ చేతిలో తడి దుప్పటి అలాగే ఉండిపోయింది. అంచు నుంచి నీళ్లు కారి పాదాల మీద పడుతున్నా జరగలేదు. “పేరు అట్టముక్కకా, మీకా?” అంది.

“నాకే.”

“మీ జేబులో పెన్సిలుంది.”

గీతలాయన ఎర్ర పెన్సిలు తీసి పిట్టగోడ మీద పెట్టాడు. అది దొర్లి అవతల వీధిలో పడింది. తొంగి చూడలేదు.

“ఇన్నేళ్లు దానిమీద కుళ్లుకున్నారు. నాకు తెలీదనుకున్నారా?” అంది ఆవిడ, గొంతు పెంచకుండానే. “గ్రంథాలయం రోజు నుంచీ తెలుసు. చచ్చిపోయినదాని మీద అంత కుళ్లు మోసిన మనిషికి, అదెవరో, దాని పేరేమిటో, ఒక్కసారైనా అడగాలనిపించలేదా?”

ఆవిడ దుప్పటి రెండో చివర ఆయన వైపు విసిరింది. పట్టుకున్నాడు. ఇద్దరూ చెరోపక్కా లాగి, దులిపి, దండెం మీద వేశారు. పేరు చెప్పడానికి ఆవిడకి బోలెడంత తీరిక ఉంది. ఆయనకి వినడానికి బోలెడంత ఆశ ఉంది. నిన్న ఆ పేరు చెవిలో పోయించుకుని, సూపు చల్లారేలోపు మర్చిపోయిన అదృష్టవంతుణ్ని తలుచుకుంటే కడుపు మండిపోయింది.

ఆవిడ క్లిప్పు పెట్టింది. వంగి, బుట్టలోంచి ఇంకో దుప్పటి తీసింది.

“పట్టుకోండి” అంది.

ఆ రోజు చెప్పలేదు.